నెట్ ఎక్కడ ఆగింది?

ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే సి.ఎస్.ఇ. పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా నెట్‌వర్క్ పనిని ఏడు పొరలుగా విడగొట్టి చూపే ఓ.ఎస్.ఐ. నమూనాలోని పేర్లన్నీ కింది నుంచి పైకి వరసగా అప్పజెబుతారు. ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్, సెషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్. పరీక్షలో అడుగుతారు, రాస్తే మార్కులు పడతాయి. అదే పిల్లల్ని హాస్టల్లో నెట్ పోయిన రోజున, ఆ ఏడింటిలో ఎక్కడ ఆగిందో చెప్పమంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

గుంటూరు జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెబుతాను. ఈ చదువు చదివినవాళ్ళు ఆ ప్రశ్నకు జవాబు వెతకగలగాలి. అది రాకపోతే ఎన్ని మార్కులొచ్చినా చదువు సగంలోనే ఉన్నట్టు లెక్క.

బ్రిటన్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేరుతోనే డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయాలున్నాయి. మన దగ్గర కొన్ని కాలేజీల్లో నెట్‌వర్క్స్ అని విడిగా బ్రాంచి ఉన్నా, ఎక్కువమందికి ఇది సి.ఎస్.ఇ.లో ఒక పేపరు, దానికో లాబ్. మనం పంపే ఫొటో చిన్నచిన్న ప్యాకెట్లుగా ఎలా విడిపోతుంది, ఒక్కో ప్యాకెట్ ఏ దారిన పోవాలో రౌటర్లు ఎలా తేలుస్తాయి, దారిలో పోయినదాన్ని మళ్ళీ ఎలా పంపుతారు, ఇదంతా ఎవరూ చాటుగా చదవకుండా ఎలా కాపాడతారు, స్థూలంగా ఇదీ సిలబస్.

మా లాబ్‌లో మొదటి పని కేబుల్ క్రింపింగ్. క్యాట్ సిక్స్ వైరు పైతోలు ఒలిస్తే లోపల మెలికలు తిరిగిన నాలుగు జతలు, ఎనిమిది సన్నటి రాగి తీగలు. తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. ఈ వరసలో వేళ్ళతో చదును చేసి, చివరలు సమానంగా కత్తిరించి, ఆర్‌జె-45 కనెక్టర్‌లోకి చివరికంటా తోసి, టూల్‌తో గట్టిగా నొక్కాలి. టెస్టర్‌కి పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలగాలి. మూడోది వెలగలేదా, చివర కత్తిరించి మళ్ళీ మొదలు. తీగల్ని ఇలా మెలివేసి ఎందుకు పెట్టారని సరిగ్గా అప్పుడే అడుగుతారు పిల్లలు. బయటినుంచి వచ్చే విద్యుత్ అలజడి జతలోని రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి చివర పరికరం ఆ రెండింటి మధ్య తేడానే చదువుతుంది కాబట్టి అలజడి కొట్టుకుపోతుంది. క్లాసులో చెబితే తలూపి ఊరుకునే విషయం, వేళ్ళు నొప్పి పుట్టాక మనసుకెక్కుతుంది.

మా విద్యార్థిని ఒకమ్మాయి వాళ్ళ నాన్న తెనాలి దగ్గర పల్లెలో కేబుల్ ఆపరేటర్. ఒకప్పుడు టీవీ చానెళ్ళు ఇచ్చినాయన, ఇప్పుడు ఇంటింటికీ ఫైబర్ లాగుతున్నారు. ఆయన్ని లాబ్‌కి పిలిపించాం. జేబులోంచి ఆప్టికల్ పవర్ మీటరు తీసి, వైరు కొసను దానికి పెట్టి చూపించారు. "మైనస్ పంతొమ్మిది, ఇరవై చూపిస్తే దిగుల్లేదమ్మా. ఇరవై ఏడు దాటిందా, ఇంక మోడెంలో ఎర్ర లైటే" అన్నారు. అవి డెసిబెల్ లెక్కలు. కొలత మూడు తగ్గిందంటే అందే వెలుతురు సగమైపోయినట్టే. పిల్లలకు ఆ సూత్రం వచ్చు, ఆ మీటరు ఎప్పుడూ చూడలేదు. ఎర్ర లైటు వెలిగితే ఏం చేస్తారని ఒకబ్బాయి అడిగాడు. "ముందు రౌటర్ జోలికి పోను బాబూ. వెలుతురు అందుతుందో లేదో చూస్తా. వైరు మడతపడి ఉండొచ్చు, జాయింట్ సరిగా పడకపోవచ్చు, కోతులు కొరికి ఉండొచ్చు. వెలుతురు బాగుంటేనే తర్వాత సంగతి." కింది పొర నుంచి పైకి వెతుక్కుంటూ రావడమంటే ఇదే. పదో తరగతితో చదువు ఆపిన మనిషి మా పిల్లలకు ఆ రోజు చెప్పిన పాఠానికి నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

ఆ పై మెట్టు అడ్రసులు. ఒక గదిలో కంప్యూటర్‌కి 192.168.10.70, ప్రింటర్‌కి 192.168.10.50 ఇచ్చి, రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.192 పెడతాను. వైర్లు బాగున్నాయి, స్విచ్ మీద లైట్లు వెలుగుతున్నాయి, ప్రింట్ మాత్రం రాదు. పిల్లలు అరగంట వైర్లే పీకి పెడుతుంటారు. ఆ మాస్క్ అడ్రసుల్ని అరవై నాలుగేసి చొప్పున విడగొడుతుంది. సున్నా నుంచి 63 దాకా ఒక వాడ, 64 నుంచి 127 దాకా ఇంకో వాడ. మధ్యలో రౌటర్ లేకుండా ఒక వాడలోది రెండో వాడకు చేరదు. ఆ సంగతి పిల్లలంతట వాళ్ళు కనిపెట్టేదాకా నేను నోరు విప్పను.

తర్వాత వైర్‌షార్క్. నెట్‌వర్క్ కార్డు మీదుగా వచ్చీపోయే ప్రతి ప్యాకెట్‌నూ తెరమీద వరసగా చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 1998లో ఈథరియల్ అనే పేరుతో వచ్చింది, 2006లో పేరు మారింది. రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ముందు మూడు చిన్న ప్యాకెట్లు నడవాలి. ఇటునుంచి సిన్, అటునుంచి సిన్-అక్, మళ్ళీ ఇటునుంచి అక్. అవతలి కంప్యూటర్ దారి మూసి, చూడమంటాను. సిన్ ఒక్కటే వెళ్తుంది. పాత లినక్స్‌లో అయితే ఒక సెకను ఆగి మళ్ళీ, తర్వాత రెండు సెకన్లు ఆగి, ఆ తర్వాత నాలుగు. నల్లటి పట్టీమీద ఎర్రటి అక్షరాల్లో ఆ వరసలు ఒక్కొక్కటే చేరుతుంటాయి. ఇలా వ్యవధి పెంచుకుంటూ పోవడం ఎందుకని అడిగితే, 1986లో అమెరికాలో జరిగిన సంగతి చెబుతాను.

కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీకీ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. వాటి మధ్య సెకనుకు 32 వేల బిట్లు నడిచే లైను ఆ ఏడాది అక్టోబరులో 40 బిట్లకు పడిపోయింది. యంత్రాలేవీ చెడిపోలేదు. రైల్వే గేటు ఎత్తగానే రెండువైపులా బండ్లు అడ్డంగా దూరిపోతే ఏమవుతుందో అదే అయింది. ప్యాకెట్ అందలేదనుకుని ప్రతి కంప్యూటరూ మళ్ళీ మళ్ళీ పంపడం, ఆ పంపడంతోనే దారి ఇంకా కిక్కిరిసిపోవడం. అక్కడ పనిచేసే వాన్ జేకబ్సన్ దీని అంతు తేల్చి 1988లో పత్రం ప్రచురించారు. మెల్లగా మొదలుపెట్టు, ప్యాకెట్ పోతే దారి ఇరుకైందని గ్రహించి వేగం తగ్గించు. ఆనాటి ఊహ మీద కట్టిన పద్ధతులే నేటికీ మన ఫోన్లలో నడుస్తున్నాయి. ఎవరికి వారు కొంచెం తగ్గడం వల్లే ఇన్ని కోట్లమందికి దారి దొరుకుతోంది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

దారి చెప్పే చోట చిక్కు వస్తే ఎలా ఉంటుందో అందరికీ అనుభవమే. 2021 అక్టోబరు 4 రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలపాటు ఆగిపోయాయి. నిర్వహణ పనుల్లో ఇచ్చిన ఒక ఆదేశం ఆ మూడింటినీ నడిపే కంపెనీ డేటా సెంటర్ల మధ్య లింకులు తెంచేసింది. దాంతో తమ అడ్రసులకు దారి చెప్పే ప్రకటనలు ఇంటర్నెట్‌లోంచి తొలగిపోయాయి. సర్వర్లు ఉన్నచోటే ఉన్నాయి. వాటికి దారి ఇదీ అని చెప్పేవారే లేకపోయారు.

"అమ్మా, ఇది చదివితే మా వాడికి ఉద్యోగం వస్తుందా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. బ్యాంకులకు, టెలికాం కంపెనీలకు, డేటా సెంటర్లకు రాత్రీపగలూ నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి. మొదట్లో షిఫ్టులు తప్పవు, నైట్ డ్యూటీలూ ఉంటాయి. అక్కడినుంచి క్లౌడ్, సెక్యూరిటీ వైపు దారులున్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని, సముద్రపు కేబుళ్ళు అక్కడికి తెస్తామని ప్రకటించింది. ఆ కేబుళ్ళు ఒడ్డుకు చేరాక వాటిని చూసుకునేవాళ్ళలో మన పిల్లలు ఉండాలని నా ఆశ.

అందుకే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు ముందు కాలేజీ చూడబోయేవాళ్ళు నెట్‌వర్క్ లాబ్ తెరిపించి చూడండి. నిజం స్విచ్‌లు, రౌటర్లు ఉన్నాయా, వాటికి వైర్లు తగిలించి ఉన్నాయా, అట్టపెట్టెల్లోనే ఉన్నాయా? కొన్నిచోట్ల పిల్లలు సిమ్యులేటర్ బొమ్మల్ని ప్రింట్ తీసి రికార్డులో అంటిస్తే లాబ్ అయిపోయినట్టే. సిమ్యులేటర్ చెడ్డదని కాదు. ప్యాకెట్ ట్రేసర్ అనే సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, ఇంట్లో సాధనకు చాలా మంచిది. కానీ అందులో కోతులు వైరు కొరకవు, జాయింట్ వదులుకాదు. క్లాసులయ్యాక సాయంత్రం లాబ్ తీసి ఉంచుతారా అని అక్కడి సీనియర్లను అడగండి. లెక్చరర్లనూ ప్రిన్సిపాల్‌నూ తర్వాత అడగొచ్చు, ముందు సీనియర్లను.