బెజ్జం సూటిగా దిగాలంటే...

వడ్రంగం ఇప్పుడు ఎంతోమందికి సెలవురోజు సరదా. రంపం, చిత్రిక, చేతి డ్రిల్లు సమకూర్చుకున్నాక వాళ్ల చూపు పడేది డ్రిల్ ప్రెస్ మీదే. మరి దాన్ని ఏం చూసి కొనాలి? మోటారు బలమా, బిట్టు కొలతా... లేక ఇంకేదైనానా?

మంచానికి నాలుగు కోళ్లు. ఒక్కో కోడులోకి రెండు పట్టెలు దిగాలి. అంటే మొత్తం ఎనిమిది చోట్ల తొలవాలి. ఏడు సూటిగా వచ్చి ఒక్కటి పక్కకి ఒరిగినా చాలు... ఆ మంచం నాలుగు కాళ్లూ నేలకు ఆనవు. పక్కకి తిరిగి పడుకున్నప్పుడల్లా కిర్రుమంటుంది. పసివాడు తోసుకుంటూ నడిచే మూడు చక్రాల బండికి ఇరుసు బెజ్జం వంకరపోతే బండి కుంటుకుంటూ నడుస్తుంది. చెక్క పనిలో కోత కాస్త అటూ ఇటూ అయితే చిత్రిక పట్టి సరిచేసుకోవచ్చు. వంకరగా పడిన రంధ్రం అలా కాదు. దాన్ని చెక్కముక్కతో పూడ్చి, జిగురు ఆరేదాకా ఆగి, మళ్లీ మొదటినుంచీ వేయాల్సిందే!

చేత్తో పట్టుకున్న డ్రిల్లు ఒక్క డిగ్రీ వంగితే కంటికి తెలియదు. కానీ 75 మిల్లీమీటర్ల మందమున్న కోడులోంచి బిట్టు అవతలికి వచ్చేసరికి దాదాపు 1.3 మిల్లీమీటర్లు పక్కకి జరిగిపోతుంది. అటునుంచి రావాల్సిన బోల్టు మొండికేయడానికి ఆ మాత్రం తేడా చాలు.

బరమా నుంచి మోటారు దాకా...
బెజ్జం వేయడం మనిషికి కొత్తేమీ కాదు. ఇప్పటి పాకిస్థాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7500 నుంచి 9000 ఏళ్ల కిందటి మనుషుల దవడ పళ్లకు చెకుముకి రాతి మొనతో తొలిచిన రంధ్రాలున్నట్టు 2006లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పూసలకు బెజ్జాలు వేసే నేర్పే పళ్లకూ పనికొచ్చి ఉంటుందని వాళ్ల అంచనా. మన వడ్రంగులు వాడిన తాడు బరమాదీ అదే సూత్రం. తాడు చుట్టి అటూ ఇటూ లాగుతుంటే మొన గిర్రున తిరుగుతూ చెక్కలోకి దిగుతుంది.

1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్నాట్, బ్రెయిన్ అనే ఇద్దరు విద్యుత్తుతో నడిచే డ్రిల్లుకు పేటెంటు తీసుకున్నారు. తుపాకిలాంటి పిడి, మీట ఉన్న చేతి డ్రిల్లుకు బ్లాక్ అండ్ డెకర్ సంస్థ 1917లో పేటెంటు పొందింది. అలా తిప్పే శ్రమ మోటారుకు పోయింది. నిలువుగా పట్టుకునే బాధ్యత మాత్రం మనిషి చేతికే మిగిలింది. ఆ బాధ్యతను కూడా తీసుకెళ్లి ఓ ఇనుప స్తంభానికి అప్పగించేదే డ్రిల్ ప్రెస్. మన హార్డ్‌వేర్ కొట్లలో పిల్లర్ డ్రిల్ అనీ, బల్లమీద పెట్టుకునే చిన్నదైతే బెంచ్ డ్రిల్ అనీ అడిగితే ఇస్తారు.

కాబట్టి కొనేముందు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఈ యంత్రానికి డబ్బు పెడుతున్నది రంధ్రం వేయడానికి కాదు, సూటిగా వేయడానికి. ఆ పని చేయలేనిదాని మోటారు ఎంత పెద్దదైనా లాభం లేదు.

అసలు అవసరమేనా?
గోడకు అలమర బిగించడానికో, నెలకు నాలుగు మరలు దించడానికో అయితే అక్కర్లేదు. చేతి డ్రిల్లు, పక్కనే నిలబెట్టి చూసుకోవడానికి ఓ మూలమట్టం ఉంటే పని జరిగిపోతుంది. చేతి డ్రిల్లునే బిగించుకునే స్టాండ్లు కూడా తక్కువ ధరకు దొరుకుతాయి. పలచటి చెక్కలకు అవి ఫర్వాలేదు. కానీ తేలికపాటి స్టాండ్లలో జారుడు భాగం దగ్గర ఆట ఎక్కువ. గట్టిగా నొక్కితే స్టాండే వంగుతుంది.

ఒకే కొలత బెజ్జాలు పదులకొద్దీ వేసేవాళ్లకూ, పెద్ద బిట్లు వాడేవాళ్లకూ, కుసి దిగే గాడిని వరస రంధ్రాలతో తొలిచి ఉలితో సరిచేసుకునేవాళ్లకూ మాత్రం డ్రిల్ ప్రెస్ విలువ వెంటనే తెలుస్తుంది. అలమర తలుపుల సంగతే చూడండి. బయటికి కనిపించని కీలు కూర్చోవడానికి తలుపు లోపలివైపు 35 మిల్లీమీటర్ల వెడల్పున గుంట తీయాలి. లోతు సుమారు 12 మిల్లీమీటర్లు. తలుపు మందం చూస్తే 18 మిల్లీమీటర్లే! చేయి కాస్త బరువుగా పడిందా... బిట్టు మొన అవతలి సన్‌మైకాను పొడుచుకుని బయటికొస్తుంది. డ్రిల్ ప్రెస్‌లో ‘ఇంతకుమించి దిగొద్దు’ అని ఆపే లోతు మర ఉంటుంది. ఒకసారి సరిచేసి బిగిస్తే ఇరవై తలుపులకైనా ఒకే లోతు.

ఆ ‘13’ అంటే ఏంటి?
కొట్లో మొదట వినిపించే మాట ‘13 ఎంఎం మిషన్’. అంటే చెక్కలో అంత రంధ్రమే వేస్తుందని కాదు. ఇనుములో ఎంత బిట్టు దించగలదో చెప్పే లెక్క అది. పెద్ద రంధ్రాలకు వాడే ఫోర్‌స్ట్‌నర్ బిట్లకు నోరు 35, 50 మిల్లీమీటర్లున్నా చక్‌లో బిగించే కాడ సాధారణంగా 8 నుంచి 10 మిల్లీమీటర్లే ఉంటుంది. బెంజమిన్ ఫోర్‌స్ట్‌నర్ అనే అమెరికన్ 1874లో పేటెంటు పొందిన ఈ బిట్టు అడుగు చదునుగా, అంచు నున్నగా తొలుస్తుంది. కాబట్టి ఇంటి వడ్రంగానికి 13 ఎంఎం చక్ సాధారణంగా చాలు.

చెక్క పనివాళ్లు అడగాల్సిన కొలతలు వేరే ఉన్నాయి. మొదటిది, స్తంభానికీ బిట్టుకూ మధ్య ఎడం. అది 125 మిల్లీమీటర్లుంటే 250 మిల్లీమీటర్ల వెడల్పు పలక నడిమధ్యకు బిట్టు అందుతుంది. విదేశీ యంత్రాలను ‘10 అంగుళాలది’ అనేది ఈ లెక్కలోనే. అంటే ఎడానికి రెట్టింపు అన్నమాట. ఇనుము పనికి ఈ ఎడం తక్కువైనా ఫర్వాలేదు కానీ చెక్క పలకలు వెడల్పుగా ఉంటాయి కదా!

రెండోది, పిడి తిప్పితే బిట్టు ఎంత కిందికి దిగుతుందన్నది. చిన్నవాటిలో ఇది 50, 60 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 75 మిల్లీమీటర్ల కోడును తొలవాలంటే మధ్యలో ఆపి, బల్ల పైకెత్తి మళ్లీ మొదలుపెట్టాలి. 80 దాకా దిగేదైతే ఆ తిప్పలుండవు. మూడోది, బల్లను ఎత్తే పద్ధతి. పళ్ల చక్రంతో, పిడి తిప్పితే లేచేదైతే సుఖం. కొన్నింట్లో బల్లను చేత్తో ఎత్తిపట్టి బిగించాలి. పోత ఇనుప బల్ల కాబట్టి రోజూ పది సార్లంటే నడుం పట్టేస్తుంది.

వేగమే కాదు, నిదానమూ కావాలి!
ఎక్కువ వేగం ఉంటేనే మంచి యంత్రమనుకుంటారు చాలామంది. చెక్క పనిలో కనీస వేగం అంతకన్నా ముఖ్యం. 6 మిల్లీమీటర్ల బిట్టు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని అంచు నిమిషానికి 57 మీటర్లలోపే ప్రయాణిస్తుంది. అదే వేగంతో 50 మిల్లీమీటర్ల బిట్టును తిప్పితే అంచు ప్రయాణం 470 మీటర్లు దాటుతుంది. ఇంకేముంది... పొగ, మాడు వాసన, పదును పోయిన బిట్టు!

అందుకే సన్న బిట్లకు 2500 నుంచి 3000, 25 మిల్లీమీటర్ల ఫోర్‌స్ట్‌నర్‌కు 700 చుట్ల చుట్టుపక్కల, 50 మిల్లీమీటర్లదానికి 500 లోపు ఉంటే మంచిది. టేకుకన్నా గట్టిగా ఉండే తుమ్మలాంటి చెక్కలకు ఇంకా తగ్గించాలి. మెట్లు మెట్లుగా ఉండే పుల్లీల మీద బెల్టును మార్చి ఈ వేగాలు తెచ్చుకుంటారు. వేగం తగ్గేకొద్దీ మెలితిప్పే బలం పెరగడం ఈ ఏర్పాటులోని సుగుణం. కాబట్టి దుకాణదారుణ్ని ‘గరిష్ఠంగా ఎంత?’ అని కాకుండా ‘అన్నిటికన్నా తక్కువ వేగం ఎంత?’ అని అడగాలి. 500కు దిగనిదైతే పెద్ద బిట్ల ఆశ వదులుకోవాల్సిందే.

ఇంటి పనికి అర హార్స్‌పవర్ మోటారు, అంటే దాదాపు 370 వాట్లది సాధారణంగా సరిపోతుంది. మన దగ్గర చాలాచోట్ల యంత్రం ధర వేరు, మోటారు ధర వేరు. చెప్పిన ధరలో మోటారు, చక్, స్విచ్చు, బెల్టు ఉన్నాయో లేవో ముందే తేల్చుకోకపోతే బిల్లు చూశాక గుండె గుభేలుమంటుంది.

కొట్లోనే పరీక్షించండి
సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల యంత్రాన్ని ఎదురుగా చూసి కొనే వీలుంది. వెళ్లేటప్పుడు సంచిలో ఓ కొత్త పొడవాటి బిట్టు, మూలమట్టం పెట్టుకుంటే చాలు.

* ప్లగ్గు పెట్టకుండా బిట్టును చక్‌లో బిగించి పుల్లీని చేత్తో తిప్పాలి. బిట్టు కొన ఒకే చోట నిలిచి తిరగాలి. కొన గుండ్రంగా ఊగుతుంటే బిట్టు మార్చి చూడాలి. అప్పుడూ ఊగితే ఆ యంత్రం వద్దు.
* పిడి తిప్పి చక్‌ను పూర్తిగా కిందికి దించాలి. చక్‌ను పట్టుకుని అటూ ఇటూ కదపాలి. టకటకమని ఆట తెలిస్తే బెజ్జం సూటిగా రాదు.
* బల్లను బిగించి దాని అంచును అరచేత్తో నొక్కాలి. కిందికి ఒదుగుతుంటే అనుమానించాలి.
* మోటారు వేసి వినాలి. గరగర శబ్దం వస్తే బేరింగు సంగతి అడగాలి.

పాత యంత్రమైనా ఫర్వాలేదు. పోత ఇనుము త్వరగా పాడయ్యేది కాదు. బల్లమీద పాత బిట్లు చేసిన గాట్లుంటే భయపడక్కర్లేదు. స్పిండిల్‌లో ఆట ఉంటేనే భయపడాలి. వర్క్‌షాపుల నుంచి వచ్చిన వాటికి త్రీఫేజ్ మోటారు ఉండొచ్చు. ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటే ఉంటే మోటారు మార్పించే ఖర్చు కూడా బేరంలో కలుపుకోవాలి.

ఇంటికొచ్చాక...
డ్రిల్ ప్రెస్‌కు బరువంతా తలలోనే. అందుకే పునాది పలకను గట్టి బల్లకు బోల్టులతో బిగించాలి. కింద రబ్బరు పలక వేస్తే అపార్ట్‌మెంట్లో కింది ఇంటివాళ్లకు మోత తగ్గుతుంది. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ తప్పనిసరి.

తర్వాత బల్ల నిటారు చూసుకోవాలి. పాత సైకిల్ పుల్లను మెట్టులా రెండుచోట్ల వంచి ఒక కొనను చక్‌లో బిగించాలి. రెండో కొన బల్లకు తగిలీ తగలనట్టు ఉంచి, చక్‌ను చేత్తో మెల్లగా చుట్టూ తిప్పాలి. కొన అన్నివైపులా ఒకేలా తాకితే బల్ల సమంగా ఉన్నట్టే. ఒకవైపు గీసుకుని మరోవైపు సందు కనిపిస్తే బల్లను సరిచేసి బిగించాలి. పైసా ఖర్చులేని పరీక్ష ఇది!

ఈ యంత్రాలతో వచ్చే బల్ల ఇనుము పనికోసం చేసింది. చెక్కకు అది చిన్నది. దానిమీద వెడల్పాటి ప్లైవుడ్ పలక బిగించి, వెనక సరళమైన పట్టీ ఒకటి అమర్చుకుంటే ఒకే వరసలో బెజ్జాలు వేయడం తేలిక. చెక్క కింద ఎప్పుడూ ఓ వృథా ముక్క ఉండాలి. లేకపోతే బిట్టు బయటికొచ్చేచోట అడుగున పెచ్చులూడిపోతాయి.

చేతికి గ్లవుజులా... వద్దు!
నిలకడగా ఓచోట తిరిగే యంత్రం కదా అని తేలిగ్గా తీసుకుంటే ప్రమాదం. చేతికి రక్షణని గ్లవుజులు వేసుకుంటారు కొందరు. తిరిగే బిట్టు గ్లవుజును పట్టుకుందంటే వేళ్లనూ లాక్కుపోతుంది. చున్నీ, కొంగు, విరబోసుకున్న జుట్టు, పొడవు చేతుల చొక్కా, మణికట్టుకు కట్టుకున్న కాశీదారం... వేటికీ ఆ దగ్గర చోటులేదు. కళ్లద్దాలు మాత్రం ఉండాలి. పొట్టు లేస్తుంది కాబట్టి మాస్కు కూడా.

చిన్న ముక్కను చేత్తో పట్టుకుని తొలవకూడదు. బిట్టు ఇరుక్కుంటే ముక్క గిర్రున తిరిగి వేళ్లను కొడుతుంది. క్లాంపుతో బిగించాలి. పొడవు చెక్కయితే ఎడమ కొన స్తంభానికి ఎడమవైపు ఆనేలా పెట్టాలి. బిట్టు పట్టి లాగినా స్తంభమే దాన్ని ఆపుతుంది. చక్ తాళంచెవిని బిగించిన వెంటనే తీసేయడం అలవాటు కావాలి. దాన్ని మరచి స్విచ్చు వేస్తే రాయిలా దూసుకొస్తుంది. బెల్టు మార్చేముందు, బిట్టు మార్చేముందు ప్లగ్గు పీకేయాలి. రౌటర్ బిట్లను ఇందులో పెట్టి పక్కలకు చెక్కడం కూడా తగదు. వాటికి కావాల్సిన వేగం దీనికి లేదు. పక్కనుంచి పడే ఒత్తిడికి చక్ ఊడి కింద పడొచ్చు.

ఇంట్లో పిల్లలుంటే పనయ్యాక ప్లగ్గు తీసి, చక్ తాళంచెవిని వాళ్లకు అందనిచోట దాచాలి. ఇక మొదటి పని ఏంటంటారా? బల్లమీద వేసుకునే ఆ ప్లైవుడ్ పలక, దాని పట్టీ తయారుచేసుకోవడమే. ఓ పాత చెక్కముక్కకు నాలుగు బెజ్జాలు వేసి, ఒక్కోదాంట్లో సరిపడే కడ్డీ నిలబెట్టి, పక్కన మూలమట్టం ఆనించి చూడండి. సందు కనిపించకపోతే మంచం కోళ్లకు కొలతలు గీసుకోవచ్చు!