పెద్ద యంత్రములో పరాయి ప్రోగ్రాము

బ్యాంకులు, బీమా సంస్థలు తమ లెక్కలు నడుపుకొను భారీ గణకయంత్రములను మెయిన్‌ఫ్రేములు అందురు. ఐ.బి.ఎం. వారు 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్ 360 సంతతి నేటికీ పని చేయుచున్నది. దానిని నడుపు వ్యవస్థలలో ముఖ్యమైనది జెడ్ ఓఎస్. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములనగా, మూలపాఠము ఎల్లరకు బాహాటముగా లభించునవి. అవి ఎక్కువగా యూనిక్స్, లినక్స్ యంత్రములపై పుట్టి పెరిగినవి. 1990వ దశకములో ఐ.బి.ఎం. తన వ్యవస్థకు యూనిక్స్ సదుపాయము చేర్చినది గనుక, మూలపాఠము తెచ్చి కంపైలరుకు అప్పగించిన చాలునని మనకు తోచును. పని అంత సులువు కాదు.

చిక్కు అక్షరముల వద్దనే మొదలగును. ఆస్కీ పద్ధతిలో ఇంగ్లీషు పెద్ద అక్షరములు 65 మొదలు 90 వరకు వరుసగా నిలుచును. మెయిన్‌ఫ్రేము వాడు ఎబ్సిడిక్ పద్ధతిలో 'ఎ' 193, 'ఐ' 201. తరువాతి 'జె' 202 కాదు, 209. 'ఆర్' 217 కాగా 'ఎస్' 226, 'జెడ్' 233. ఈ ఖాళీలు ఎవరో మరచి వదలినవి కావు. పూర్వము అట్టకార్డులపై రంధ్రములు పొడిచి సమాచారము నింపెడివారు. పై మూడు వరుసలలో ఒకదానియందు ఒక రంధ్రము, క్రింది అంకెల వరుసలలో మరొకటి, రెండును కలిసి ఒక అక్షరము. అందుచే తొమ్మిది, తొమ్మిది, ఎనిమిదిగా మూడు గుంపులు ఏర్పడినవి. కార్డులు పోయినను గుంపులు మిగిలినవి.

'ఎ'కు 'జెడ్'కు నడుమనున్నది పెద్ద అక్షరమే అని నమ్మి వ్రాసిన ప్రోగ్రాము ఇక్కడ 26కు బదులు 41 సంకేతములను అంగీకరించును. 208వ స్థానములోని ముగింపు ఫ్లవర్ బ్రాకెట్టు కూడ దానికి అక్షరమే! యంత్రము ఆగదు, ఫిర్యాదు చేయదు. మనకు భయము కలిగించునది ఆ మౌనమే. ఆస్కీలో అంకెలు ముందు, పెద్ద అక్షరములు తరువాత, చిన్నవి చివర. ఎబ్సిడిక్‌లో చిన్నవి ముందు, అంకెలు చివర. ఒకచోట వరుస పెట్టిన ఖాతాదారుల పట్టికను రెండవచోట వెదకినచో, ఉన్న ఖాతా లేదని జవాబు రావచ్చును.

పోనీ, అన్నిటిని ఆస్కీలోనికి మార్చుదమందుమా? ఫోటో ఫైలునో, కుదించిన ఫైలునో అట్లు మార్చినచో పాడైపోవును. కావున ఏ ఫైలు ఏ లిపిలో ఉన్నదో తెలుపు గుర్తును ఫైలుకే తగిలించు ఏర్పాటు జెడ్ ఓఎస్‌లో గలదు. సంఖ్యలలోని బైట్ల వరుస కూడ ఇంటెల్ యంత్రములకు తలక్రిందులు. ఉర్దూ, తెలుగు లిపులు రెండును చదువు మన విద్యార్థులకు ఈ ఎదురుబొదురు నడక వింత కాదు.

చేసిన సవరణలను మూలకర్తలకు తిరిగి పంపుట మరియొక పని. పంపనిచో ప్రతి క్రొత్త కూర్పుకు శ్రమ మొదటికి వచ్చును. పంపినను, పరీక్షించుటకు మెయిన్‌ఫ్రేము ఎందరి ఇండ్లలో ఉండును? పెర్ల్ భాషనే చూడుడు. ఎబ్సిడిక్‌కు ఆదరణ అధికారికముగా ఎన్నడును రద్దు కాలేదు. అయినను కొన్ని కూర్పులు ఆ యంత్రములపై సరిగా కంపైలు కాని స్థితి వచ్చినది. 2015లో వెలువడిన 5.22వ కూర్పుతో గాని దాని మూలభాగము అక్కడ మరల కుదుటపడలేదు.