గొంతు బొంగురుపోతే ఛాతీకి ఎక్స్‌రే ఎందుకు?

వారాల తరబడి గొంతు బొంగురుగానే ఉందని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన ఒక్కోసారి ఛాతీకి ఎక్స్‌రే తీయించుకు రమ్మంటారు. బాధ ఒకచోట, పరీక్ష ఇంకోచోటా అనిపించడం సహజం. అసలు సంగతి ఒక నరం నడిచే దారిలో ఉంది.

మెదడు నుంచి నేరుగా బయలుదేరే నరాలు 12 జతలు. ముక్కులో స్పర్శ తెలిసేది 5వ జత వల్ల, నాలుక వెనక భాగంలో 9వ జత వల్ల. స్వరపేటిక, అంటే గొంతు ముందు వేలికి గట్టిగా తగిలే మాటల పెట్టె, 10వ జత అయిన వేగస్ నరం చేతిలో ఉంది.

వేగస్ దానికి రెండు కొమ్మలు పంపుతుంది. పై కొమ్మ కాపలాదారు. నీళ్ళు తాగుతూ నవ్వితే పొలమారి, ఎవరో తలుచుకుంటున్నారంటామే, ఆ దగ్గు రప్పించేది ఇదే.

రెండో కొమ్మ దారే విచిత్రం. వేగస్ స్వరపేటిక పక్కనుంచే కిందికి దిగుతుంది, కానీ అక్కడ ఈ కొమ్మ వేయదు. ఎడమవైపు ఛాతీలోకి దిగాక, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని వంపు దగ్గర వేస్తుంది. ఆ కొమ్మ వంపు కిందుగా చుట్టి మళ్ళీ పైకెక్కుతుంది. ఇంటి ముందు దిగాల్సినవాడు బస్టాండుదాకా పోయి వెనక్కి నడిచొచ్చినట్టు! ఆ తిరుగు దారి సుమారు 12 సెంటీమీటర్లు. కుడి కొమ్మ మెడ మొదట్లోనే తిరుగుతుంది కనుక దాదాపు అందులో సగం.

ఇంత చుట్టు ఎందుకు? పిండంలో గుండె మెడ దగ్గరే ఉంటుంది. అది కిందికి జారేటప్పుడు ధమని ఈ నరాన్ని కూడా వెంట లాక్కుపోతుంది. జిరాఫీలోనూ ఇదే తంతు, పాపం దానికి మీటర్ల లెక్క.

కాబట్టి ఊపిరితిత్తిలో గడ్డయినా, ధమని ఉబ్బయినా ఎడమ నరాన్ని నొక్కితే ఆ వైపు స్వరతంతువు కదలదు. గుండె కవాటం సన్నబడిన రోగుల్లో ఇలా గొంతు పోవడాన్ని 1897లో వియన్నా వైద్యుడు ఆర్ట్‌నర్ వివరించాడు. అలాగని భయపడొద్దు, జలుబు తెచ్చిన బొంగురు మామూలుగా రెండు వారాల్లో పోతుంది. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి, పొగతాగేవాళ్ళయితే ఇంకా ముందే.

మరి థైరాయిడ్ ఆపరేషన్‌లో ఈ నరానికి ముప్పెందుకు? నరం ఆ గ్రంథి వెనకనుంచే పోతుంది. ఒకవైపు దెబ్బ తగిలితే గొంతు మారుతుంది. నరం తెగకుండా సాగడం వరకే అయితే చాలామందికి కొన్ని నెలల్లో నయమవుతుంది. రెండువైపులా దెబ్బతింటే గండం మాటకు కాదు, ఊపిరికి. స్వరతంతువును పక్కకు లాగి గాలిదారి తెరిచే కండరం ఒక్కో వైపు ఒక్కటే, దానికీ ఈ నరమే దిక్కు. అందుకే మొదటి వైపు నరం స్పందిస్తోందో లేదో యంత్రంతో చూసుకుని, స్పందించకపోతే రెండో వైపు కోత మరో రోజుకు వాయిదా వేసే సర్జన్లున్నారు.