ఎలుకను పట్టి తినువారున్న ఊరిలో విషపు ఎర

సార్వా కోతలు దగ్గర పడగానే డెల్టా గ్రామములలో ఎలుకలు పట్టువారికి పిలుపు వచ్చును. వారు సాయంకాలము బుట్టలతో వచ్చి, గట్ల వెంబడి నడచి, ఎలుక తిరిగిన దారి చూచి బుట్టలు పెట్టి పోదురు. తెల్లవారి వచ్చి తీసికొందురు. ఎలుకకు ఇంత అని రైతు కూలి యిచ్చును. పట్టిన ఎలుక మాత్రము పట్టినవారిదే. యానాదులలోను, మరి కొన్ని కులములలోను దానిని కూర వండుకొని తినువారు కలరు. వరి గింజ తిని బలిసిన పొలము ఎలుక వారికి ఇష్టమైన మాంసము.

ఇందు నవ్వవలసిన దేమియు లేదు. వియత్నాములోని మెకాంగ్ డెల్టాలో వరిచేల ఎలుకలను సంతలలో అమ్ముదురు. అరుణాచల ప్రదేశ్‌లో ఆది తెగవారు పండుగ విందులోనే ఎలుకను వడ్డింతురు. మురికి కాలువలో తిరుగు ఎలుక వేరు, చేలో వెన్ను కొరికి బ్రతుకు ఎలుక వేరు.

ఆ ఎలుక మనకు చేయు నష్టము మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. పొట్టదశలో పిలకలను కత్తితో కోసినట్లు ఏటవాలుగా కొరికివేయును. కోతనాటికి బొరియలో వెన్నులు దాచును. ఆడ ఎలుక మూడు వారములు మోసి, ఒక్క ఈతలో ఆరేడు పిల్లలను పెట్టును. అందుచేత రైతు విషపు ఎర పెట్టుచున్నాడు. చిక్కు వచ్చుట అక్కడనే. ఒకే చేలో ఒకరు విషము పెట్టుచున్నారు, వేరొకరు కూరకు ఎలుకను పట్టుచున్నారు.

మనము ఎక్కువగా వాడు మందులు రెండు. మొదటిది జింకు ఫాస్ఫైడు. రెండు రోజులు విషము లేని నూకలు అలవాటు చేసి, పిదప నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు కలిపి, బొరియకు 10 గ్రాముల పొట్లము చొప్పున పెట్టుదుము. ఇది ఎలుక కడుపులో విషవాయువై త్వరలోనే చంపును. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చవలెను. మనిషి మ్రింగినచో దీనికి విరుగుడు మందు లేదు.

రెండవది బ్రోమోడయోలోన్. కలుపు పాళ్లు అవియే కాని పనిచేయు తీరు వేరు. ఇది రక్తము గడ్డకట్టకుండ చేయును. ఎర తిన్న ఎలుక వెంటనే చావదు. మూడు నాలుగు రోజులు మొదలు పది రోజుల వరకు పట్టవచ్చును. ఆ మధ్య అది తిరుగుచుండును, మేయుచుండును, బుట్టలో కూడ పడును. పట్టినవాని కంటికి అది చురుకైన మంచి ఎలుకయే. విషము మాత్రము దాని కాలేయములో ఉండును. చావక మిగిలిన ఎలుకలోనైతే నెలల తరబడి నిలువగలదు. ఉడికించినంత మాత్రమున అది విరిగిపోదు.

ఎలుకలు పట్టువారికి తమదైన జాగ్రత్త ఒకటి కలదు. చేలో చచ్చి పడియున్న దానిని ముట్టరు, ప్రాణముతో చిక్కినదానినే వండుదురు. త్వరగా చంపు జింకు ఫాస్ఫైడు విషయములో ఈ జాగ్రత్త కొంత కాపాడినది. బ్రోమోడయోలోన్ విషయములో ఇది చాలదు. ఈ సంగతి మందు కొన్న రైతు చెప్పనిదే వారికి తెలియదు.

బొరియ త్రవ్వినప్పుడు దొరకు ధాన్యమును త్రవ్వినవారే తీసికొనుట పలుచోట్ల వాడుక. ఎలుక ఎరపొట్లమును గూడ లోపలికి ఈడ్చుకొని పోవును. కాబట్టి ఎర పెట్టిన చేని బొరియ ధాన్యము మనుష్యులకే కాదు, కోళ్లకును పనికిరాదు.

నా సలహా ఇది. పట్టువారు దొరకు ఊరిలో బ్రోమోడయోలోన్ జోలికి పోవద్దు. బుట్టలతోను, పొగతోను పని జరుపుకొనవలెను. పొగ యంత్రములో వరిగడ్డి కాల్చి, ప్రక్క కన్నములను బురదతో మూసి, బొరియకు రెండు మూడు నిమిషములు పొగ పట్టించిన చాలును. కుండతో నోట ఊది పొగ పెట్టువారికి పెదవులు కాలును, దగ్గు పట్టును. యంత్రము ఊరుమ్మడిగా కొని వారి చేతికిచ్చుట మేలు. ఎలుకలు మితిమీరి ఎర తప్పనిచో, పైరు పొట్టకు రాకముందే ఆయకట్టంతయు ఒకే దినమున పెట్టవలెను. వెన్ను వచ్చిన పిదప ఎలుక ఎరను అంతగా ముట్టదు. ఎర పెట్టిన ఆయకట్టులో ఆ పంట ముగియువరకు పట్టిన ప్రతి ఎలుకను పూడ్చవలసినదే. వారికి కూర పోయినది గనుక కూలి కొంత పెంచి యిచ్చుట న్యాయము.

గ్రామోద్యోగులకు ఒక మనవి. ఎర పెట్టు తేదీని, పొలముల గుర్తులను పంచాయతీ బోర్డుపై వ్రాసి ఊరుకొనరాదు. చదువురాని వారుందురు. వారి పేటకు పోయి నోటితో చెప్పవలెను, దండోరా వేయించవలెను, గట్లపై ఎర్రగుడ్డలు కట్టించవలెను.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టములో ఎలుకలు హానికర జంతువుల జాబితాయైన 5వ షెడ్యూలులో ఉండెను. 2022 సవరణ ఆ షెడ్యూలును తీసివేసినది. చేలను పాడుచేయు మామూలు ఎలుకకు రక్షణ లేదు. కాని త్రవ్వుచుండగా ఉడుము కనబడినచో విడిచిపెట్టవలెను. అది మొదటి షెడ్యూలు జంతువు, పట్టిన జైలు శిక్ష పడును. జెర్రిపోతును, గుడ్లగూబను గూడ చంపరాదు. అవి కూలి అడుగకుండ ఎలుకలు పట్టునవి.

విషము తగలని ఎలుకనైనను ఒట్టి చేతులతో కోయరాదు. దాని మూత్రములో ఎలుక జ్వరపు క్రిములుండవచ్చును. చేతి పుండు ద్వారా, గాటు ద్వారా అవి ఒంటిలో ప్రవేశించును. రబ్బరు తొడుగులు వేసికొని, గడ్డిమంటలో వెండ్రుకలు కాల్చి, ప్రేగులను, కాలేయమును తీసి పూడ్చవలెను. మాంసమును ఉప్పు, పసుపులతో కడిగి, ఎముక నుండి ఊడివచ్చునంతగా ఉడికించిన పిదపనే వేపుడైనను, చింతపండు పులుసైనను చేసికొనవచ్చును. పైపైన కాల్చి తినుట మానవలెను. చేతులు, కత్తి, పీట సబ్బుతో కడుగవలెను. పిదప కొద్ది దినములకు జ్వరము, పిక్కల నొప్పి, కండ్ల ఎరుపు కనబడినచో ఎలుకలు పట్టిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పవలెను.

ఎర పెట్టిన చేని ఎలుకను ఎవరైన తినియున్నట్లు తెలిసినచో, బాగుగనే యున్నారని ఊరకుండరాదు. బ్రోమోడయోలోన్ లక్షణములు కొన్ని దినములకు గాని బయటపడవు. చిగుళ్లనుండి, ముక్కునుండి రక్తము, మూత్రములో ఎరుపు, దెబ్బ తగలకుండనే కమిలిన మచ్చలు వాని గుర్తులు. దానికి విటమిన్ కె1 విరుగుడు. మందు డబ్బాను లేదా దాని చీటీని వెంట తీసికొని ఆసుపత్రికి పోవలెను. ఆ డబ్బా రైతు ఇంట ఉండును గనుక రైతే వెంట పోవుట మంచిది.