పది గెలుపుల తరువాత

ఆరంభము బాగున్న పనులన్నీ చివరి వరకు బాగుండవు. అమెరికాలోని ఫిలడెల్ఫియా ఈగల్స్ అనే జట్టు 2023లో ఆడిన తీరును గమనిస్తే మనకు ఈ సంగతి తేటగా తెలుస్తుంది.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మన పిల్లలు కాలితో తన్నే ఆట కాదు. రెండు కొనలు మొనదేలిన బంతిని చేతపట్టి పరుగెత్తుతూ, విసరుకుంటూ, వంద గజాల మైదానములో ఎదుటివారి గీత దాటించాలి. జట్టుకు 11 మంది దిగుతారు. సెప్టెంబరు నుండి జనవరి మొదటి వారము వరకు ఒక్కో జట్టు 17 మ్యాచ్‌లు ఆడుతుంది. ఎక్కువ గెలిచినవారు నాకౌట్ పోటీలకు వెళ్తారు. అన్నిటికంటె చివరి పోటీ పేరు సూపర్ బౌల్.

పచ్చని పైరు

2023 ఫిబ్రవరిలో ఈగల్స్ సూపర్ బౌల్ వరకు వెళ్లి, కాన్సాస్ సిటీ చీఫ్స్ చేతిలో 38-35తో ఓడిపోయారు. ఆ ఓటమి గాయముతోనే కొత్త సీజను మొదలుపెట్టారు. మొదటి 11 మ్యాచ్‌లలో 10 గెలిచారు. తమను ఓడించిన చీఫ్స్‌ను వారి సొంత మైదానములోనే 21-17తో ఓడించారు. నవంబరు 26 నాటికి అంత మంచి లెక్క మరే జట్టుకూ లేదు. కాని ముందున్నది ముసళ్ళ పండుగ!

వేరు పురుగు

ఆ పది గెలుపులను ఒకసారి విప్పి చూద్దాము. వాటిలో ఏడు 8 పాయింట్ల లోపు తేడాతో వచ్చినవే. రెండు మ్యాచ్‌లు అదనపు సమయము వరకు సాగి, 3 పాయింట్లతో గట్టెక్కాయి. అంతేకాదు, దాడికి, కాపుదలకు వ్యూహము చెప్పిన ఇద్దరు శిక్షకులు అంతకుముందే వేరే జట్లకు ప్రధాన శిక్షకులుగా వెళ్లిపోయారు. ఆ లోటు పూర్తిగా తీరలేదు. గెలుస్తున్నంత కాలము ఆ లోటును గెలుపే కప్పివేసింది.

డిసెంబరులో కప్పు తొలగింది. శాన్ ఫ్రాన్సిస్కో 42-19తో, డల్లాస్ 33-13తో ఓడించాయి. కాపుదల వ్యూహము చెప్పే పని ఒకరి నుండి మరొకరికి మార్చారు. ఆ తరువాత కూడా ఒక్క మ్యాచే గెలిచారు. అప్పటికి 15లో మూడే గెలిచిన అరిజోనా జట్టు డిసెంబరు 31న ఫిలడెల్ఫియాకు వచ్చి 35-31తో నెగ్గిపోయింది. ఆ జట్టు శిక్షకుడు జోనాథన్ గానన్ ఈగల్స్‌ను విడిచి వెళ్లిన ఇద్దరిలో ఒకడు! చివరి ఆరు మ్యాచ్‌లలో ఐదు పోయాయి. 2024 జనవరి 15న నాకౌట్ మొదటి మెట్టులోనే టాంపా బే 32-9తో ఇంటికి పంపింది. సెప్టెంబరులో ఈగల్స్ 25-11తో ఓడించినది ఆ జట్టునే.

మరుసటి ఏడు

ప్రధాన శిక్షకుడు నిక్ సిరియాని ఉద్యోగము పోతుందని చాలామంది తలంచారు. యాజమాన్యము ఆయనను ఉంచి, ఆయన క్రింద వ్యూహకర్తలిద్దరినీ మార్చింది. కాపుదలకు అనుభవశాలి విక్ ఫాంజియో వచ్చాడు. బంతితో పరుగెత్తుటకు సాక్వాన్ బార్క్‌లీ వచ్చి, ఆ సీజనులో 2,005 గజాలు పరుగెత్తాడు. 2024లో మొదటి నాలుగు మ్యాచ్‌లలో రెండే గెలిచారు. ఎవరూ సంబరపడలేదు. అయితే తరువాత వరుసగా పది గెలిచారు. 2025 ఫిబ్రవరి 9న అదే చీఫ్స్‌ను 40-22తో ఓడించి సూపర్ బౌల్ అందుకున్నారు.

రెండు సీజన్లను ప్రక్క ప్రక్కన పెట్టి చూడండి. గొప్పగా మొదలైనది కూలిపోయింది, మామూలుగా మొదలైనది నిలిచింది. పూత చూసి కాపు లెక్కవేయరాదని రైతుకు మనము చెప్పనక్కరలేదు. పిల్లవాని మార్కులైనా, ఇంటి రాబడియైనా బాగున్న దినములలోనే లోపము వెదకుట మేలు. ఓడిన తరువాత వెదకితే దొరుకుతుంది గాని, అప్పటికి సీజను అయిపోతుంది.