నమూనా రైలుకు డిజిటల్ నియంత్రణ: తక్కువ వ్యయంతో ఎంచుకొనుట ఎట్లు?

గుంతకల్లు, బళ్ళారి, అరక్కోణం వంటి జంక్షన్ల చుట్టుపక్కల గ్రామాలలో పెరిగే పిల్లలకు రైలుబండిపై మక్కువ సహజం. విదేశాలలో ఉద్యోగం చేసే బంధువు సెలవులకు వచ్చేటప్పుడు ఒక నమూనా రైలు పెట్టె తెచ్చి ఇచ్చాడంటే ఆ మక్కువ ఇంటిల్లిపాదికీ పాకుతుంది. కొన్ని నెలలకు రెండవ ఇంజను కావాలనిపిస్తుంది. అప్పుడు "డిజిటల్ అయితేనే మేలు" అన్న మాట వినిపిస్తుంది. ఆ మాట నిజమే గాని, తెలియక కొంటే ఇంటి పొదుపు వృథా అవుతుంది. ఒక్క తప్పు అడాప్టరుతో కానుకగా వచ్చిన పెట్టె మొదటి రోజే కాలిపోవచ్చు. కావున కొనుగోలుకు ముందు ఈ విధానం ఎట్లు పని చేస్తుందో, ఏ ప్రశ్నలు అడగాలో తెలుసుకొనుట అవసరం.

నమూనా రైలు అనగా కీ ఇచ్చి నడిపే బొమ్మ కాదు. అసలు బండిని ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి చేసిన ప్రతిరూపం. అధిక ప్రచారంలో ఉన్న హెచ్.ఓ. పరిమాణంలో నిష్పత్తి 1:87, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్. పరిమాణంలో నిష్పత్తి 1:160, పట్టాల దూరం 9 మిల్లీమీటర్లు. అసలు ఇంజను 20 మీటర్ల పొడవుంటే హెచ్.ఓ.లో అది సుమారు 23 సెంటీమీటర్లు, ఎన్.లో 12.5 సెంటీమీటర్లు ఉంటుంది.

పాత పద్ధతి, కొత్త పద్ధతి

పాత పద్ధతిలో పట్టాలకు సున్నా నుండి 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తు ఇస్తారు. వోల్టులు పెంచితే వేగం పెరుగుతుంది. ధన, ఋణ ధ్రువాలను తారుమారు చేస్తే బండి వెనుకకు నడుస్తుంది. ఇందులో చిక్కు ఒకటే. ఒకే పట్టాలపై రెండు ఇంజన్లు ఉంటే రెండూ కలిసే కదులుతాయి. వాటిని వేర్వేరుగా నడపాలంటే పట్టాలను ముక్కలుగా విడదీసి, ముక్కకొక స్విచ్ పెట్టాలి.

డిజిటల్ కమాండ్ కంట్రోల్, క్లుప్తంగా డీసీసీ, ఈ చిక్కును మరొక విధంగా తీర్చింది. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన విధానం ఆధారంగా, 1935లో ఏర్పడిన అమెరికా నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల తొలి సంవత్సరాలలో దీనికి ఉమ్మడి ప్రమాణాలు నిర్ణయించింది. ఇందులో పట్టాలపై ఎల్లప్పుడూ పూర్తి వోల్టులు ఉంటాయి. హెచ్.ఓ.లో ఇవి సాధారణంగా 14 నుండి 16 వరకు. అయితే ధ్రువాలు క్షణక్షణమూ మారుతూ ఉంటాయి. ఆ మార్పుల మధ్య వ్యవధియే సందేశం. అర్ధ ఆవర్తం 58 మైక్రోసెకండ్లు అయితే అది 'ఒకటి', 100 మైక్రోసెకండ్లు లేదా అంతకు మించితే అది 'సున్నా'. ప్రతి ఇంజనులోనూ డీకోడరు అనే చిన్న పలక ఉంటుంది. అది పట్టాల నుండి విద్యుత్తునూ, సందేశాన్నీ రెండింటినీ గ్రహిస్తుంది.

తరగతిలో హాజరు పిలుపు వంటిదే ఇది. ఉపాధ్యాయుడు పిలిచే సంఖ్య అందరికీ వినబడుతుంది, ఆ సంఖ్య గల విద్యార్థి మాత్రమే పలుకుతాడు. అట్లే "7వ ఇంజనూ, ముందుకు, నెమ్మదిగా" అన్న ఆజ్ఞ పట్టాలపై ఉన్న అన్ని ఇంజన్లకూ చేరుతుంది, 7వది మాత్రమే కదులుతుంది. కొత్త డీకోడర్లన్నీ సాధారణంగా 3 అనే సంఖ్యతో వస్తాయి. కావున రెండు కొత్త ఇంజన్లు ఒకేసారి కదిలితే యంత్రం చెడిపోయిందని కంగారు పడనవసరం లేదు, ఒకదాని సంఖ్య మార్చితే చాలు. చాలా యంత్రాలు నాలుగంకెల సంఖ్యలను అంగీకరిస్తాయి. మన రైల్వే ఇంజన్ల సంఖ్యలలో ఐదంకెలుంటే చివరి నాలుగూ తీసుకోవచ్చు.

నిజంగా అవసరమా?

ఒకే ఇంజను, ఒకే గుండ్రని మార్గం ఉన్న ఇంటికి డిజిటల్ విధానం అవసరం లేదు. పాత పద్ధతి నియంత్రకమే చాలు. రెండు, మూడు ఇంజన్లను ఒకే మార్గంపై వేర్వేరుగా నడపాలన్నా, దీపాలు, కూతలు బండి నిలిచి ఉన్నప్పుడు కూడా పని చేయాలన్నా, అన్నదమ్ములిద్దరూ తలా ఒక బండి నడపాలన్నా డీసీసీకి ప్రయోజనం ఉంటుంది.

అసలు ఖర్చు ఎక్కడ ఉంది?

చాలామంది ఆజ్ఞలు పంపే పెట్టె, అనగా కమాండ్ స్టేషన్, ధర ఒక్కటే చూస్తారు. లెక్క కోసం దాని ధర 15,000 రూపాయలనీ, డీకోడరు ఒక్కొక్కటి 3,000 రూపాయలనీ అనుకొందాం. ఐదు ఇంజన్లకు డీకోడర్లకే మరొక 15,000 అవుతుంది. శబ్దం కూడా ఇచ్చే డీకోడరు అయితే మామూలు దానికి రెండు, మూడు రెట్లు పలుకుతుంది. కావున మూడేళ్ళలో ఎన్ని ఇంజన్లు చేరగలవో ఊహించి మొత్తం లెక్క వేయాలి.

ఇంజను పెట్టెపై ఉన్న మాటలను కూడా జాగ్రత్తగా చదవాలి. "డీసీసీ రెడీ" అంటే డీకోడరు పెట్టే సాకెట్ మాత్రమే ఉన్నదని అర్థం, డీకోడరు లేదు. "డీసీసీ ఫిటెడ్" లేదా "ఆన్ బోర్డ్" అంటేనే డీకోడరు ఉన్నట్లు. సాకెట్లలో 6, 8, 18, 21 పిన్నుల రకాలున్నాయి, డీకోడరు దానికి సరిపోవాలి. సాకెట్ లేని పాత ఇంజనులో మోటారు రెండు కొనలనూ ఇంజను లోహపు చట్రం నుండి పూర్తిగా వేరు చేయకుండా డీకోడరు కలిపితే అది కాలిపోతుంది.

అడగవలసిన ఐదు ప్రశ్నలు

మొదటిది, అది ఉమ్మడి ప్రమాణాన్ని పాటిస్తుందా? సరిహద్దు సంతలో ఇద్దరికీ వచ్చిన భాష ఒకటి ఉంటేనే బేరం కుదురుతుంది. అట్లే ప్రమాణం పాటించే ఏ సంస్థ స్టేషన్ అయినా, మరే సంస్థ డీకోడరుతోనైనా మాట్లాడగలదు. తన సొంత ఇంజన్లకు మాత్రమే పనికివచ్చే విధానం చవకగా దొరికినా, తరువాత కొనే ప్రతి వస్తువుకూ అదే దుకాణాన్ని ఆశ్రయించవలసి వస్తుంది.

రెండవది, ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది? ఆధునిక హెచ్.ఓ. ఇంజను నడిచేటప్పుడు సుమారు అర ఆంపియరు లోపే తీసుకుంటుంది. కావున రెండు ఆంపియర్ల యంత్రం మూడు ఇంజన్ల ఇంటికి చాలు. ఎక్కువ ఉంటే మంచిదనుకోరాదు. 15 వోల్టుల వద్ద 5 ఆంపియర్లంటే 75 వాట్లు. పట్టాలు తప్పిన చక్రం వద్ద షార్ట్ ఏర్పడి, రక్షణ సరిగా పని చేయకపోతే ఆ వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది.

మూడవది, డీకోడరులోని అమరికలను చదవగలదా, మార్చగలదా? వీటిని సీవీలు అంటారు. 1వ దానిలో ఇంజను సంఖ్య, 3, 4లలో వేగం పెరిగే, తగ్గే తీరు ఉంటాయి.

నాలుగవది, రెండవ చేతి నియంత్రకాన్ని గాని, కంప్యూటరును గాని, సెల్‌ఫోనును గాని తరువాత కలుపుకోవచ్చునా?

ఐదవది, అడాప్టరు ఏ విద్యుత్తుకు తగినది? అమెరికాలో ఇళ్ళకు 120 వోల్టులు, మనకు 230. అడాప్టరుపై "ఇన్‌పుట్ 100–240" అని ఉంటే భయం లేదు. "120" అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టరాదు. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న ముక్క వోల్టులను తగ్గించదు.

మూడు మార్గాలు

మొదటి మార్గం బొత్తాల యంత్రం. బాక్‌మన్ సంస్థ ఇ-జడ్ కమాండ్ దీనికి ఉదాహరణ. చిన్న పిల్లవాడు సైతం పది నిమిషాలలో నేర్చుకుంటాడు. అయితే డీకోడర్లకు 9 సంఖ్యలే ఇవ్వగలదు, శక్తి ఒక ఆంపియరు, ఇంజను సంఖ్య తప్ప మిగిలిన సీవీలను మార్చలేదు. పాతది చవకగా దొరికితే ఆరంభానికి పనికివస్తుంది.

రెండవ మార్గం మధ్యతరగతి యంత్రాలు. ఎన్‌సీఈ పవర్ క్యాబ్, డిజిట్రాక్స్ జెఫిర్, రోకో మల్టీమౌస్ ఈ కోవలోనివి. ఇవి సీవీలన్నిటినీ మార్చగలవు, క్రమంగా విస్తరించుకోవచ్చు. పవర్ క్యాబ్‌లో చేతి నియంత్రకమే కమాండ్ స్టేషన్ కనుక దానిని ఊడదీస్తే బండ్లన్నీ ఆగిపోతాయి. ఖర్చు ఎక్కువైనా, మరమ్మతుల తలనొప్పి వద్దనుకొనే ఇంటికి ఇదే తగినది.

మూడవ మార్గం స్వయంగా కూర్చుకొనే డీసీసీ-ఈఎక్స్. దీని ప్రోగ్రాం ఉచితం. ఆర్డుయినో మెగా అనే పలక, దానిపై మోటార్ షీల్డ్, 12 నుండి 15 వోల్టుల అడాప్టరు ఉంటే స్టేషన్ సిద్ధం. వైఫై పలక కలిపితే ఆండ్రాయిడ్ ఫోనులో ఇంజన్ డ్రైవర్ అనే ఉచిత ప్రోగ్రాంతో బండి నడపవచ్చు. ఈ భాగాలు మన పట్టణాల ఎలక్ట్రానిక్స్ దుకాణాలలోనూ దొరుకుతాయి. సాధారణ ఆర్డుయినో షీల్డ్ వాడేటప్పుడు దాని అడుగున ఉన్న 'విన్ కనెక్ట్' లింకును కోయాలి, లేకున్నచో పట్టాల విద్యుత్తు కింది పలకకు కూడా చేరి దానిని చెరుపుతుంది. తొమ్మిది, పది తరగతుల విద్యార్థి ఉన్న ఇంటికీ, పాఠశాల విజ్ఞాన సంఘానికీ ఇది ఖర్చు తక్కువ, నేర్పు ఎక్కువ ఇచ్చే మార్గం.

కొన్న తరువాత

పాత నియంత్రకాన్నీ, డీసీసీ యంత్రాన్నీ ఒకే పట్టాలకు ఏకకాలంలో కలపరాదు. డీకోడరు లేని ఇంజనును డీసీసీ పట్టాలపై నిలిపి ఉంచరాదు, మోటారు వేడెక్కి చెడిపోతుంది. బల్ల కింద రెండు మందమైన తీగలు పరచి, ప్రతి మూడు నాలుగు అడుగులకూ పట్టాలకు చిన్న తీగలు కలపాలి. తరువాత మార్గంలో ప్రతి చోటా ఐదు రూపాయల నాణెంతో రెండు పట్టాలను కలిపి చూడాలి. యంత్రం వెంటనే విద్యుత్తును ఆపివేయాలి. ఆపని చోట తీగ సన్నమో, అతుకు వదులో అయి ఉంటుంది.

విద్యుత్తు తరచు పోయి వచ్చే గ్రామాలలో మరొక జాగ్రత్త అవసరం. కరెంటు వచ్చిన క్షణంలో కొన్ని ఇంజన్లు పాత పద్ధతి విద్యుత్తు అనుకొని పూర్తి వేగంతో దూసుకుపోయి బల్ల మీది నుండి పడతాయి. 29వ సీవీలో సాధారణంగా ఉండే 6కు బదులు 2 అని వ్రాస్తే, పాత పద్ధతి గుర్తింపు ఆగిపోతుంది. నాలుగంకెల సంఖ్య వాడే ఇంజనుకు 34 అని వ్రాయాలి.

మొదట ఒక ఇంజను, ఒక డీకోడరు, చిన్న స్టేషన్‌తో ఆరంభించి, నెల రోజులు నడిపి చూసిన తరువాతనే తక్కినవి కొనుట మంచిది. ప్రమాణం పాటించే వస్తువు ఎంచుకొన్న ఇంట, రేపు స్టేషన్ మార్చినా నేటి డీకోడరు వృథా కాదు.