వార్తల్లో పదం: పీవీటీజీ

పీఎం-జన్‌మన్ పథకం ఇళ్లు, రోడ్ల వార్తల్లో తరచూ కనిపించే మాట. ‘పర్టిక్యులర్లీ వల్నరబుల్ ట్రైబల్ గ్రూప్’కు పొట్టిపేరు. అంటే గిరిజనుల్లోనూ చిన్న దెబ్బకే కుదేలయ్యే తెగ. వ్యవసాయానికి ముందునాటి పద్ధతులు, తక్కువ అక్షరాస్యత, పెరగని లేదా తరుగుతున్న జనాభా, బొటాబొటి బతుకు... ఇవీ గీటురాళ్లు. 1975లో 52 తెగలతో మొదలైన జాబితా 75కు చేరింది. ‘ప్రిమిటివ్’ అన్న పాత ముద్రను 2006లో తీసేశారు, మంచి పనే.

ఒడిశాలో ఇలాంటివి 13. రాయగడ జిల్లా నియమగిరి వాలుల్లో అనాస, పసుపు, అల్లం పండించే డోంగ్రియా కోంధులు వాటిలో ఒక తెగ. ఇంతటి కొండసేద్యం చేసేవారికి మొదటి గీటురాయి ఎలా సరిపోయిందో! వారు కుట్టే కపడాగండా శాలువాకు 2024లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపూ దక్కింది. మన చెంచులు, కొండరెడ్లూ ఈ జాబితాలోనే ఉన్నారు.

ఎస్టీ ధ్రువపత్రం ఒక్కటే ఉంటే జన్‌మన్ ఇల్లు రాదు. తెగ పేరు ఈ 75లో ఉండాలి.